సవర మాటల పంతులు గారు: గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితం

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు, నేను అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తానని అందరూ అనుకున్నారు. మన జిల్లాకే ఆయన పేరు ఉంది, ఆయన గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను ఆగస్టు 29న మనం దండ వేసే ఇంకొకరి గురించి రాస్తున్నాను. ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి పూలు పెట్టి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటాం. ఆ వాక్యంలో ఆయన జీవితం సగమే ఉంది. మిగతా సగం మనలాంటి కొండ పిల్లలకు సంబంధించినది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ సగం గురించి కాస్త ఓపికగా చదవండి.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. ఇది ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో చనిపోయారు. చోడవరం మనకు కొత్త ఊరు కాదు, మన కొండల కిందనే ఉంది. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. తండ్రి లేని పిల్లవాడు మేనమామ గారి ఆదరణలో ఉంటూ విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నాడు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. ఎఫ్.ఎ., బి.ఎ. రెండూ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా కట్టి ప్యాసయినవే. మనలో ఓపెన్ డిగ్రీ కడుతున్న వారు ఈ విషయం గుర్తుంచుకోవచ్చు.

పర్లాకిమిడి వెనుక అంతా సవర కొండలు. సవరలు కొండ దిగి వచ్చేవారు, అటవీ సరుకు అమ్ముకునేవారు, మోసపోయి వెళ్ళేవారు. బడిలో మాత్రం ఒక్క సవర పిల్లవాడూ కనిపించేవాడు కాదు. వాళ్ళ మాట మాస్టర్లకు తెలియదు, మాస్టర్ల మాట వాళ్ళకు తెలియదు. పంతులు గారికి ముందు ఆ భాష తాను నేర్చుకోవాలనిపించింది. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన పైడి కులస్తుడు ఒకాయనను తన ఇంట్లోనే ఉంచుకొని, ఆయన దగ్గర మాట మాట అడిగి నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణుడి ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. పంతులు గారికి గురువు ఆ పైడి మనిషి. గిడుగు వారి జీవితం రాసేవాళ్ళు ఈ విషయాన్ని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. మన హాస్టల్లో చదువుకున్న ఎవరికైనా అలాగే అనిపిస్తుందని అనుకుంటాను.

నేను ప్రస్తుతం ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ ప్యాసయిన మొదటిదాన్ని నేనే. మా సబ్జెక్టులో డేటా అనే మాటను తెలుగు పాఠ్యపుస్తకాల్లో దత్తాంశం అని రాస్తారు. దత్తం అంటే ఇచ్చినది. మనం స్వయంగా వెళ్ళి అడిగి తెచ్చుకుంటే అది ప్రాథమిక దత్తాంశం. ఒకరు ఒక పని కోసం సేకరించినదాన్ని ఇంకొకరు ఇంకో పనికి వాడుకుంటే అది ద్వితీయ దత్తాంశం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇచ్చినది అంటే ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి కదా, ఆ ఇచ్చినవాళ్ళ సంగతి ఏమిటి అన్న ప్రశ్న మాత్రం సిలబస్‌లో లేదు. అది నాకు గిడుగు వారి జీవితం చదివితే తట్టింది.

సవరలు ఇచ్చిన మాటలతో పంతులు గారు మొదట ఏం చేశారో చూడండి. వాచకాలు రాశారు. కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, తెలుగు–సవర, సవర–తెలుగు నిఘంటువులు 1911 నాటికే తయారు చేశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, మాస్టర్లకు జీతాలు తానే ఇచ్చారు. జీతం మీద బతికే మనిషి ఇంకొకరికి జీతం ఇవ్వడం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో చెప్పక్కర్లేదు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చు వేసి ఆయనకు పారితోషికం ఇవ్వబోయింది. తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టి నడపమని ఆయన కోరారు. ప్రభుత్వం కొన్ని బడులు తెరిచింది. 1913లో రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

పండితుల కోసం రాసిన పెద్ద పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో వెలువడింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. మొత్తం ముప్పై అయిదేళ్ళ కృషి అంటారు. 1911కూ 1931కీ మధ్య ఇరవై ఏళ్ళు ఉన్నాయి. మాటలు ఇచ్చినవారి పిల్లలకు వాచకం ముందు అందింది, ప్రపంచంలోని భాషావేత్తలకు వ్యాకరణం వెనుక అందింది. ఈ వరస నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. ఈ రోజుల్లో మన ఏజెన్సీకి వచ్చే పరిశోధనలు చాలావరకు దీనికి తలకిందులుగా జరుగుతాయి. ముందు పుస్తకం ఎక్కడో వస్తుంది, ఊరికి వచ్చేది ఏమైనా ఉంటే అది చివరికి.

మా ఊరి సంగతే చెబుతాను. నేను ఆరో తరగతిలో ఉండగా ఇటుకల పండగ రోజుల్లో ఇద్దరు మనుషులు వచ్చి, మా నానమ్మ చేత కువి పాటలు పాడించుకొని ఫోనులో ఎక్కించుకున్నారు. నానమ్మ ఒక పూటంతా పాడింది. వాళ్ళకు చోడి అంబలి కూడా పోసింది. ఆ పాటలు ఎక్కడికి వెళ్ళాయో, ఎవరు విన్నారో, దేనికి వాడారో ఈ రోజు వరకు మాకు కబురు లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. తిరిగి చెప్పాలన్న ఆలోచనే వాళ్ళకు వచ్చి ఉండదు.

పంతులు గారి పనికి ఆయన శరీరం కూడా ఖరీదు కట్టింది. సవర కొండలు మలేరియా కొండలు. దోమ వల్లే మలేరియా వస్తుందన్న సంగతి 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ పరిశోధనతో తేలింది గానీ, మన్యంలో తిరిగేవాళ్ళకు అప్పట్లో ఉన్న మందు క్వినైన్ ఒక్కటే. ఆయన జ్వరాలు పడి, క్వినైన్ తిని తిని, చివరకు చెవుడు తెచ్చుకున్నారు. అది జీవితాంతం పోలేదు. ఒక భాషలోని శబ్దాలను వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఎంత కష్టమో ఆలోచించండి. పైగా సవరలో గొంతు దగ్గర టక్కున ఆగిపోయే శబ్దాలు ఉన్నాయి. వాటికి తెలుగులో అక్షరం లేదు. (మా కువిలో కూడా అలాంటి శబ్దం ఉంది. బడిలో నా స్నేహితురాలి ఇంటిపేరు ఏ మాస్టరు గారూ సరిగా పలకలేకపోవడానికి అదే కారణం.) ఆయన అప్పుడప్పుడే వస్తున్న భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని చదివి, ఆ శబ్దాలను గుర్తులతో రాసే పద్ధతి నేర్చుకున్నారు. ఉన్న అక్షరాల్లోకి సవరను బలవంతంగా కుక్కలేదు. అందుకే ఆ నిఘంటువు ఇన్నేళ్ళ తర్వాత కూడా పనికి వస్తోంది. సేకరించేటప్పుడు తప్పు రాస్తే, తర్వాత ఎంత తెలివైనవాడు వాడుకున్నా తప్పే వస్తుంది. ఇది మా స్టాటిస్టిక్స్‌లో మొదటి పాఠం.

సవర లెక్కల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సవరలో పన్నెండు దాకా వేరువేరు మాటలు ఉన్నాయి. పదమూడు అనాలంటే పన్నెండూ ఒకటీ అంటారు. ఇరవైకి మళ్ళీ వేరే మాట. ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలుపుతారు. పన్నెండ్ల లెక్కా ఇరవైల లెక్కా ఒకే భాషలో కలిసి ఉండడం ప్రపంచంలో చాలా అరుదు. భాషాశాస్త్రం చదివేవాళ్ళు దీన్ని ఉదాహరణగా చెప్పుకుంటారు. సవర ముండా భాషల్లో ఒకటి, ఖ్మేర్, వియత్నామీస్ భాషలకు దూరపు చుట్టం. ఈ చుట్టరికాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, కొండ మీద ఒక సవర మనిషి పంతులు గారికి చెప్పిన మాటల జాబితాను మళ్ళీ మళ్ళీ తిరగేశారు. తర్వాతి కాలంలో ముండా భాషల మీద పనిచేసిన విదేశీ పండితులు ఆ నిఘంటువును కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు. చెప్పినాయన వంట చెరకు గురించో, వాన గురించో చెప్పి ఉంటాడు. ఆ మాట మనుషుల పాత వలసల చరిత్రకు సాక్ష్యం అయింది.

ఇలా ఒక పనికి పుట్టినదాన్ని ఇంకో పనికి వాడడం పంతులు గారికి కొత్త కాదు. ముఖలింగం గుళ్ళ మీద శాసనాలు ఉన్నాయి. ఆయన గురువు లేకుండా ఆ పాత లిపి నేర్చుకొని వాటిని చదివారు. నడగాం దగ్గర దొరికిన వజ్రహస్తుడి తామ్రశాసనాన్ని చదివి, ప్రభుత్వ శాసన పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రకటించారు. అది శక సంవత్సరం 979 నాటిది, అంటే క్రీ.శ. 1057 ప్రాంతం. గాంగుల కళింగనగరం ముఖలింగమేనని వాదించారు. శాసనాలు చరిత్ర పరిశోధన కోసం పుట్టినవి కావు. గుడికి ఎవరు ఎంత భూమి ఇచ్చారు, దీపానికి ఎవరు ఏమి ఇచ్చారు అని రాసి పెట్టుకున్న దస్తావేజులు అవి. వాటి నుంచి ఆయన రాజుల కాలాన్ని తీశారు. తర్వాత పాత రాతలన్నింటిలో జనం వాడిన మాటను వెతికారు.

ఇక్కడే మనకు తెలిసిన సగం మొదలవుతుంది. అప్పట్లో బడి పుస్తకాలు గ్రాంథికంలో ఉండేవి. పిల్లవాడు ఇంట్లో ఒక తెలుగు, పరీక్షలో ఇంకో తెలుగు నేర్వాలి. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దొర, తెలుగు నేర్పే పద్ధతి గురించి అడగడంతో గురజాడ వారు, గిడుగు వారు ఈ విషయం మీద పట్టు పట్టారు. పండితులు ఒప్పుకోలేదు. వాడుక మాట నీచమైనదని, పూర్వులు ఎవరూ రాయలేదని అన్నారు. పంతులు గారు అభిప్రాయంతో జవాబు చెప్పలేదు, ఉదాహరణలతో చెప్పారు. తాళపత్రాలు, శాసనాలు, పాత వ్యాఖ్యానాలు, పాత వచన గ్రంథాలు వెతికి, పెద్దలే ఈ మాటలు రాశారని చూపించారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి అనే పుస్తకాలు ఆ వెతుకులాటలోంచి వచ్చినవే. ఏ ప్రయోగం ఎక్కడిదో చెప్పేవారు కాబట్టి ఎదుటివాడు వెళ్ళి సరిచూసుకోవచ్చు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు ప్రసంగించి, ఒక్కొక్క ప్రయోగమే ఎత్తి చూపారు. చెవులు వినపడని మనిషి నాలుగు గంటలు మాట్లాడాడంటే, ఎదుటివాళ్ళ కేకలు ఆయనకు వినపడకపోవడం కూడా కొంత మేలు చేసి ఉంటుందని నాకు నవ్వు వస్తుంది.

అన్నీ మంచికే జరిగాయని రాస్తే అబద్ధం అవుతుంది. సమాచారం సేకరించిన వాళ్ళు ఆ రోజుల్లో ఇంకా ఉన్నారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో ప్రకటించాడు. సవరల గురించిన భాగంలో రామమూర్తి గారు ఇచ్చిన సమాచారం కూడా వాడుకున్నాడు. కానీ ఆయన పద్ధతి వేరు. మనుషుల ముక్కులూ తలలూ పరికరాలతో కొలిచి, ఆ అంకెలతో జాతులను మెట్లు మెట్లుగా నిలబెట్టాలని చూశాడు. ఆ కొలతల విద్యను పోలీసులకు కూడా నేర్పారు. పుట్టుకతోనే కొన్ని తెగలను నేరస్తులుగా రాసుకునే చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. పేరు, కులం, వేలిముద్ర అన్నీ రిజిస్టరులో ఉండేవి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. 1952లో గానీ ఆ మచ్చ చట్టం నుంచి పోలేదు. అదే ప్రభుత్వం, అవే సంవత్సరాలు. ఒకరు మనుషులను అడిగి రాసుకున్నది వాచకం అయింది, ఇంకొకరు రాసుకున్నది రిజిస్టరు అయింది.

ఇది పాత కథ అనుకోకండి. సికిల్ సెల్ రక్తహీనతను గుర్తించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. మన ఏజెన్సీలో ఈ జబ్బు ఉంది కాబట్టి ఆ పరీక్షలు అవసరం. నేనూ రక్తం ఇచ్చాను. జన్యువు ఒక వైపు నుంచి మాత్రమే వచ్చినవారు మామూలుగా బతుకుతారు. తల్లిదండ్రులిద్దరిలోనూ అది ఉంటే, ప్రతి కానుపులో నాలుగింట ఒక వంతు జబ్బు పిల్లకు వచ్చే అవకాశం ఉంటుంది. ఇటువంటి లెక్కలు ఊరూరా ఉంటే ఎక్కడ మందులు ఉంచాలి, ఎక్కడ డాక్టరు కావాలి అన్నది తెలుస్తుంది. వాటిని పరిశోధకులు వాడుకోవాలి కూడా. కానీ నేను ఇంతకు ముందు చదివిన ఒక చోట ఇలాంటి రక్త పరీక్ష ఫలితాలు పేర్లతో సహా గోడకు అంటించారు. రెండు రోజులు ఆ పేర్ల మీద వేళ్ళు పెట్టి చదివారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి తిండికి కూడా బయటకు రాలేదు. డాక్టరుకు కావలసింది పేరు, పరిశోధనకు కావలసింది అంకె, గోడకు కావలసింది ఏదీ లేదు.

గిడుగు వారి విషయంలో కూడా నాకు ఒక అసంతృప్తి ఉంది. పెద్ద పుస్తకాల అట్ట మీద ఉన్నది ఆయన పేరే. ఆ వ్యాకరణమూ నిఘంటువూ ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి అప్పటి సవరలు చదువుకోలేరు. తెలుగు వాచకాలు ఇచ్చారు నిజమే, అయినా తమ భాషకు ఏ లిపి కావాలని సవరలను ఎవరు అడిగారు? ఆ ప్రశ్నకు జవాబు సవరల నుంచే వచ్చింది. 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్దాయన తమ భాషకు సోరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని తయారు చేశారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరి, ఇప్పుడు కంప్యూటర్లలో, ఫోన్లలో రాయడానికి వీలుగా ఉంది. పంతులు గారి పని తక్కువైందని దీని అర్థం కాదు. ఒకరి భాష మీద పనిచేసిన మొదటి మనిషి, ఆ భాష వాళ్ళే పని అందుకునేదాకా బతికి ఉండడం మంచి సంగతే.

అదే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయింది. పర్లాకిమిడి అటు వెళ్ళింది. తెలుగువారి ప్రాంతం అటు పోకూడదని పోరాడిన పంతులు గారు, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి అదే రోజు రాజమహేంద్రవరం వచ్చేశారు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్ళు. సవరల సేవకు 1934లో కైజర్-ఇ-హింద్ బంగారు పతకం వచ్చింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. నిఘంటువు అచ్చులో చూసుకున్నది కూడా ఆ ఏడే. 1940 జనవరి 22న మరణించారు. కుమారుడు సీతాపతి గారు సవరల మీద తండ్రి చేసిన పనిని కొనసాగించారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో వాచకాలు తెచ్చినప్పుడు అందులో సవర ఉంది. మన వైపు వినిపించే కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా ఉన్నాయి. ఇంటి భాషలో పాఠం మొదలవ్వాలన్న ఆలోచన మన కొండలకు 1911కు ముందే వచ్చింది.

చివరిగా ఒక సంగతి. కిందటి వేసవిలో మన హాస్టల్ పిల్లలు కొందరు కలిసి ఒక లాంగ్ నోటు పుస్తకంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాటలు రాయడం మొదలుపెట్టారు. ప్రతి పేజీలో అయిదు గళ్ళు గీశాం: మాట, అర్థం, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఇతరులకు చూపించడానికి ఒప్పుకున్నారా. మా నానమ్మ తన పేరు రాయమంది, పాటలు మాత్రం రాయొద్దంది. రాయలేదు. జి.మాడుగుల సంతలో పసుపు అమ్మే ఒక పెద్దాయన పేరు వద్దు, ఊరు చాలు అన్నాడు. అలాగే రాశాం. విత్తనాల పేర్లు, పురుగుల పేర్లు ఇంకా చాలా తక్కువగా ఉన్నాయి. పుస్తకం గ్రంథాలయం బీరువాలో పై అరలో ఉంది. పెన్ను మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.